పాత దెయ్యం... కొత్త చీర!

'చూసిన సినిమానే కొత్త మొహాలతో మళ్ళీ చూడ్డం దేనికి? డబ్బులు దండగ!' రీమేక్ అనగానే చాలామంది అనే మాటే ఇది. దెయ్యం సినిమా అయితే మరీను. తలుపు వెనకాల ఎవరున్నారో ముందే తెలిసిపోయాక ఇక భయమేముంటుంది?

అలా అనుకుంటే బాలనాగమ్మ కథ ఒక్కసారి వినగానే పాతబడిపోవాలి. ఎన్నిసార్లు విన్నా మాయల ఫకీరు వచ్చేసరికి పిల్లలు అమ్మ కొంగు పట్టుకునేవారు కదా! తెలిసిన కథ కూడా భయపెడుతుంది, చెప్పేవాళ్ళకి ఆ కథలో గుండెకాయ ఎక్కడుందో తెలిస్తే.

మక్కీకి మక్కీ దించినంత మాత్రాన ఆ గుండెకాయ దొరకదు. హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో'ని 1998లో గస్ వాన్ సాంట్ దాదాపు ప్రతి షాటూ అలాగే రంగుల్లో మళ్ళీ తీశాడు. విమర్శకులు పెదవి విరిచారు.

మరి మన దక్షిణాది సంగతో? 1993లో ఫాజిల్ మలయాళంలో 'మణిచిత్రతాళు' తీశారు. కథ మధు ముట్టంది. అదే 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర', 2005లో తమిళంలో 'చంద్రముఖి', 2007లో హిందీలో 'భూల్ భులయ్యా' అయింది. మన ఇళ్ళల్లో ఎక్కువమంది చూసింది తెలుగులోకి డబ్ అయిన చంద్రముఖినే.

దెయ్యమా, దిగులా?

పాతకాలపు బంగళాలోకి కాపురానికొచ్చిన గంగ, తాళం వేసిన గది తెరిపిస్తుంది. ఒకప్పుడక్కడ బందీ అయి ప్రాణం పోగొట్టుకున్న నర్తకి తానే అనుకోవడం మొదలుపెడుతుంది. ఇంట్లోవాళ్ళు దెయ్యమంటారు. డాక్టరు మనసుకొచ్చిన జబ్బంటాడు.

అసలు కథలో గంగ తల్లిదండ్రులకి దూరంగా, పల్లెటూళ్ళో ఒంటరిగా పెరిగిన పిల్ల. భర్త మంచివాడే, కానీ ఎప్పుడూ పనే. ఊసుపోక పుస్తకాల్లో, పాత కథల్లో మునిగిపోతుంది. ఇలాంటి ఇల్లాళ్ళు మనకి తెలియనివాళ్ళా?

ఆ మంచం సీను గుర్తుందా? బయటికెళతానంటే భర్త వద్దంటాడు. ఆ ఒక్క మాటకి కళ్ళు మారతాయి, గొంతు మారుతుంది, మంచం పైకి లేస్తుంది. శోభన చేసినా, జ్యోతిక చేసినా, విద్యాబాలన్ చేసినా ఒళ్ళు జలదరించేది అక్కడే. ఇన్నేళ్ళు మింగిన కోపం ఒక్కసారిగా బయటపడితే ఎలా ఉంటుందో అదీ ఆ సీను.

ఇంకొకటి గమనించండి. ఇంట్లో ఏ వస్తువు పగిలినా అందరి అనుమానమూ ముందు వేరే ఆడపిల్ల మీదికే పోతుంది. మలయాళంలో ఆ పిల్ల శ్రీదేవి. జాతకదోషమన్న మాటతో కాపురం పోయి పుట్టింట్లో ఉంటున్న మనిషి. అయినవాళ్ళే ఆమెని గదిలో పెట్టి తాళం వేస్తారు. దెయ్యం కంటే నాకు ఇదే ఎక్కువ భయం వేసింది.

ఏం మారింది?

రీమేకుల్లో ముచ్చటైన మార్పు భాషది. మలయాళంలో ఆ నర్తకి తంజావూరు నుంచి వచ్చిన తమిళమ్మాయి. కన్నడ, తమిళ చిత్రాల్లో మన తెలుగమ్మాయి. తెలుగు డబ్బింగులో మళ్ళీ తమిళం. హిందీకి వెళ్ళేసరికి బెంగాలీ. ఇంటి కోడలు ఉన్నట్టుండి పరాయి భాషలో మాట్లాడితే కలిగే గగుర్పాటు ఏ రాష్ట్రంలోనైనా ఒకటే! ఆలోచించి చేసిన మార్పు అంటే ఇదీ.

నచ్చని మార్పు కూడా ఉంది. మలయాళంలో మోహన్‌లాల్ అంతటి నటుడు సినిమా చాలా దూరం నడిచాక గానీ రాడు. అప్పటిదాకా కథ ఆ ఇంటిది, గంగది. చంద్రముఖిలో రజనీకాంత్ మొదట్లోనే ఫైటుతో, పాటతో దిగుతాడు. చెన్నైలో ఒక థియేటర్లో రెండేళ్ళకు పైగా ఆడిందంటే జనానికి అదీ నచ్చిందనే అర్థం. కానీ హీరో పెరిగినకొద్దీ గంగ ఒంటరితనానికి చోటు తగ్గింది. 2022లో వచ్చిన 'భూల్ భులయ్యా 2' ఇంకో అడుగు ముందుకేసి జబ్బు ఊసే తీసేసి, నిజం దెయ్యాన్నే తెచ్చి పెట్టింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక సినిమా 'దెయ్యం కాదమ్మా, దిగులు' అని చెబితే మనం మళ్ళీ వెనక్కి నడిచాం.

మరి చూడాలా, వద్దా?

చూడండి. 2004 ఏప్రిల్‌లో విమాన ప్రమాదంలో మనకి దూరమైన సౌందర్య కోసం, ఆ ఆగస్టులో విడుదలైన ఆప్తమిత్ర చూడండి. శోభనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన అసలు సినిమా మాత్రం ముందో వెనకో తప్పకుండా చూడండి. భాష రాకపోయినా ఆవిడ కళ్ళు చెబుతాయి.

ఏ రీమేక్ చూసినా ఒక్క ప్రశ్న వేసుకోండి: 'ఈ అమ్మాయి ఇలా ఎందుకైంది?' సినిమా జవాబు చెబితే డబ్బులు గిట్టినట్టే. విరబోసుకున్న జుట్టు, చెవులు పగిలే మోత తప్ప ఏమీ లేకపోతే లేచి వచ్చేయొచ్చు.

ఆ ప్రశ్న సినిమాకే కాదు. పక్కింటి కోడలు పలకడం మానేసిందనీ, తనలో తనే మాట్లాడుకుంటోందనీ విన్నప్పుడు తాయెత్తు కట్టించమని సలహా ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పక్కన కూర్చుని 'ఏమైందమ్మా?' అని అడిగి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళేవాళ్ళే తక్కువ.