కాలేయకణాల మార్పిడి

వికారాబాదుకు సమీపాన ఉన్న అనంతగిరి కొండలలో మూసీనది పుడుతున్నది. ఆ ప్రాంతపు నీరే మరొక వైపున కాగ్నానదిగా పారి, తాండూరు పక్కగా సాగి భీమానదిలో కలుస్తున్నది. తాండూరు అనగానే నాపరాళ్ళు, కందులు జ్ఞాపకం వస్తాయి. వికారాబాదు అనగానే అనంతగిరి మీది క్షయ వైద్యశాల. ఈ రెండు ఊళ్ళనూ హైదరాబాదుతో కలిపే రైలుమార్గం 1874లోనే ఏర్పడింది. జబ్బు ముదిరినప్పుడు రోగులు ఆ దారినే పట్నం చేరుతారు. 1908 నాటి వరదలో పాత ఆసుపత్రి పోయిన పిమ్మట అక్కడ మూసీ ఒడ్డున కట్టిన ఉస్మానియా ఆసుపత్రి, ఇటువంటి పల్లెలకూ పట్టణాలకూ చాలా కాలం పెద్ద దిక్కుగా ఉండినది. డాక్టర్ చిత్తూరు మహమ్మద్ హబీబుల్లా (1937–2010) జీర్ణకోశ వ్యాధుల ఆచార్యుడుగా పనిచేసినది అక్కడనే. కామెర్లు ముదిరి స్పృహ తప్పుతున్న రోగిని బ్రతికించడం ఎట్లా అన్న ప్రశ్న ఆయన పరిశోధనలో ముఖ్యభాగమయింది.

కామెర్ల కళ్ళకు లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. నిజానికి రోగికి లోకం మామూలుగానే కనిపిస్తుంది. చూచేవారికే అతని కళ్ళు పచ్చగా కనిపిస్తాయి. రక్తంలోని ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతికి నశిస్తుంది. దాని రంగుపదార్థం విరిగి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం అవుతుంది. కాలేయం దానిని నీటిలో కరిగే రూపానికి మార్చి, పైత్యరసంతో పేగులలోనికి పంపుతుంది. ఈ పని కుంటుపడితే పసుపు రంగు రక్తంలో నిలిచిపోయి కళ్ళలోనూ చర్మంలోనూ బయటపడుతుంది. కాబట్టి కామెర్లు ఒక రోగం కాదు, రోగానికి గుర్తు.

మన దేశంలో ఈ గుర్తుకు తరచు కారణమయ్యేవి హెపటైటిస్ వైరసులు. ఏ, ఇ రకాలు మురుగు కలిసిన నీటి ద్వారా వస్తాయి. బి, సి రకాలు రక్తం ద్వారా వస్తాయి. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో ఢిల్లీ మంచినీటిలో యమునలోని మురుగు కలిసినప్పుడు సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అది ఇ రకం వైరసు పని అని తరువాత చాలా ఏళ్ళకు తేలింది. ఇటువంటి కామెర్లు సాధారణంగా కొన్ని వారాలలో తమంతట తామే తగ్గిపోతాయి. పసరు వైద్యులకు ఇంత పేరు రావడానికి ఇదే కారణం. పసరు తాగినా తాగకున్నా తగ్గేది తగ్గుతుంది. ఖ్యాతి మాత్రం పసరుకు దక్కుతుంది.

తగ్గనివారు కొద్దిమంది. వారికి కొన్ని రోజులలోనే కాలేయం ఉన్నట్టుండి పని మానేస్తుంది. ఇ రకం వైరసు సోకిన గర్భిణీ స్త్రీలకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఇందులో మరొక విచిత్రం ఉన్నది. క్షయను నయం చేసే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మందులే ఒక్కొక్కరి కాలేయాన్ని దెబ్బ తీస్తాయి. భారతదేశంలో మందుల వల్ల కలిగే కాలేయ వైఫల్యానికి ఇవే ప్రధాన కారణం. ఊపిరితిత్తులు బాగుపడుతున్న రోగికి కాలేయం చెడడం కంటె దారుణం ఏమున్నది? అనంతగిరి వంటి వైద్యశాలలలో రోగుల కళ్ళు పచ్చబడుతున్నాయేమోనని వైద్యులు కనిపెట్టుకొని ఉండవలసినది ఇందుకే.

కాలేయం చేసే పనులు చాలా ఉన్నాయి. మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు పుట్టే అమ్మోనియాను అది యూరియాగా మారుస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను తయారు చేస్తుంది. అది ఆగిపోతే అమ్మోనియా వంటి విషాలు మెదడును చేరుతాయి. వైద్యులు ఈ స్థితిని నాలుగు దశలుగా విభజిస్తారు. మొదటి దశలో రోగి చికాకుపడతాడు, రాత్రి నిద్రపోక పగలు నిద్రపోతాడు. రెండవ దశలో మాట తడబడుతుంది, చేతులు వణుకుతాయి. మూడవ దశలో మైకం కమ్ముతుంది. గట్టిగా పిలిస్తే కళ్ళు తెరుస్తాడు. నాలుగవ దశలో పిలిచినా పలుకడు.

అయితే ఈ అవయవానికి మరే అవయవానికీ లేనంత గుణం ఒకటి ఉన్నది. ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసివేసినా, వారం పది రోజులలో మిగిలిన భాగం పెరిగి మొదటి తూకానికి వస్తుందని హిగ్గిన్స్, ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞులు 1931లో చూపించారు. మానవ కాలేయానిదీ ఇదే స్వభావం. అంటే, మైకంలో ఉన్న రోగిలో కూడ అతని కాలేయం తిరిగి పెరగడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. దానికి లేనిదల్లా వ్యవధి. ఆ కొద్ది రోజులూ దాని పని మరెవరైనా చేసిపెడితే రోగి దక్కవచ్చును.

కాలేయాన్నే మార్చివేయడం ఒక మార్గం. అమెరికాలోని డెన్వరు నగరంలో థామస్ స్టార్జ్‌ల్ 1963లో ఈ శస్త్రచికిత్సను మొదటిసారి ప్రయత్నించాడు. 1967లో గాని విజయం లభించలేదు. సైక్లోస్పోరిన్ మందు వచ్చిన తరువాతనే అది స్థిరపడింది. భారతదేశంలో అవయవాల మార్పిడికి చట్టం వచ్చినది 1994లో. కాలేయ మార్పిడి మొదటిసారి సఫలమైనది 1998లో, ఢిల్లీలో. అంతవరకు ఉస్మానియా ఆసుపత్రిలో మూడవ దశకు చేరిన రోగికి గ్లూకోజు, మందులు, జాగ్రత్తగా చూచుకొనడం తప్ప వేరే చికిత్స లేదు.

ఈ పరిస్థితిలో హబీబుల్లా, ఆయన సహచరులు వేరొక దారి తొక్కారు. అవయవం దొరకనప్పుడు కణాలు చాలవా? పుట్టుకతో బిలిరుబిన్‌ను మార్చలేని ఒక జాతి ఎలుకలలోనికి ఆరోగ్యవంతమైన కాలేయకణాలను ఎక్కిస్తే పసుపు తగ్గుతుందని అమెరికాలో 1976లో తేలింది. జపానులో మిటో బృందం 1990 తరువాత రోగి కాలేయకణాలనే అతని ప్లీహంలో నాటి చూచింది. హైదరాబాదు బృందం గర్భస్రావమైన పిండాల కాలేయకణాలను ఎన్నుకొన్నది. పిండకణాలు చురుకుగా విభజన చెందుతాయి. పరాయి దేహం వాటిని అంత త్వరగా గుర్తుపట్టి తిరస్కరించదని ఆశ. రోగి రక్తం సరిగా గడ్డకట్టని స్థితిలో రక్తనాళాలను పొడవడం ప్రమాదం గనుక, కణాలను సూదితో ఉదరకుహరంలోనికి పంపారు. అక్కడి ద్రవమే వాటికి కొన్నాళ్ళు ఆహారం.

కిలో శరీర బరువుకు ఆరు కోట్ల చొప్పున కణాలు ఇచ్చారు. విద్యార్థులు ఇక్కడ ఒక లెక్క వేసి చూడవచ్చు. 50 కిలోల మనిషికి ఇది 300 కోట్ల కణాలు. పెద్దవారి కాలేయంలో సుమారు 10,000 కోట్లకు పైగా కణాలు ఉంటాయి. అంటే ఇచ్చినది నూటికి మూడు పాళ్ళకు మించదు. ఇంత కొద్ది కణాలు మొత్తం కాలేయం పని చేయలేవు, నిజమే. కాని ఒడ్డున ఉన్నవానిని అగాధంలో పడకుండా ఆపడానికి కొద్ది ఊతమే చాలునేమో!

ఫలితాలను 1994లో ‘ట్రాన్స్‌ప్లాంటేషన్’ అనే అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు. కణాలు పొందిన ఏడుగురిలో ముగ్గురు కోలుకొన్నారు. మూడవ దశలో కణాలు పొందినవారందరూ బ్రతికారు. పోలిక కోసం తీసుకొన్న అదే దశ రోగులలో, మామూలు చికిత్సతో సగం మందే బ్రతికారు. నాలుగవ దశకు చేరినవారిని కణాలు కాపాడలేకపోయాయి. ఈ అంకెలను ఎట్లా చదవాలి? ఏడుగురు చాలా చిన్న సంఖ్య. చికిత్స లేకుండానే సగం మంది కోలుకొనే దశలో, కొద్దిమంది వరుసగా కోలుకొనడం యాదృచ్ఛికంగా కూడ జరుగవచ్చు. నాణెం మూడుసార్లు ఎగురవేస్తే ఎనిమిదింట ఒకసారి మూడుసార్లూ బొమ్మే పడుతుంది. కనుక ఇది రుజువు కాదు. కాని మనిషికి ఈ చికిత్స చేయవచ్చునని, చేస్తే ఆలస్యం కాకముందే చేయాలని అది చూపింది. అప్పటి వైద్యప్రపంచంలో అది చిన్న విషయం కాదు.

తరువాతి కాలంలో హబీబుల్లా దక్కన్ వైద్య కళాశాలలో కాలేయ పరిశోధన కేంద్రానికి నాయకత్వం వహించారు. 2001లో పద్మశ్రీ లభించింది. ఆ కేంద్రం 2008లో ప్రకటించిన ఒక ప్రయోగం ప్రత్యేకంగా చెప్పదగినది. క్రిగ్లర్-నజ్జార్ అనే జన్మవ్యాధిలో కాలేయం బాగానే ఉంటుంది; ఒక్క ఎంజైము మాత్రం ఉండదు. రెండేళ్ళ బాలికకు పిండ కాలేయకణాలను ధమని ద్వారా ఎక్కించగా, రక్తంలో బిలిరుబిన్ కొద్ది రోజులలో సగానికి దగ్గరగా తగ్గింది. తగ్గడం కంటె ముఖ్యం, మార్పు చెందిన బిలిరుబిన్ రక్తంలో పెరగడం. ఆ పని చేసే ఎంజైము బాలిక దేహంలో పుట్టుకతో లేదు గనుక, దానిని చేసినవి కొత్త కణాలే అయి ఉండాలి. 2010లో ఇదే బృందం కాలేయం గట్టిపడిన 25 మంది రోగులకు పిండ మూలకణాలను ఎక్కించిన ఫలితాలను ప్రకటించింది. హబీబుల్లా మరణించినది ఆ సంవత్సరమే.

కణాల చికిత్స అవయవ మార్పిడి స్థానాన్ని ఆక్రమించలేదు. నాటిన కణాలలో చాలా భాగం కొద్ది కాలానికే నశిస్తాయి. మంచి కణాలు దొరకడమూ కష్టమే. ఈలోగా శస్త్రచికిత్స ముందుకు సాగింది. మరణించినవారి అవయవాలను పంచే జీవన్‌దాన్ పథకం 2013లో ప్రారంభమైంది. ఉస్మానియా ఆసుపత్రిలోనే కాలేయ మార్పిడులు జరుగుతున్నాయి. అయినా కణాల మార్గం మూతపడలేదు. లండన్ కింగ్స్ కళాశాల ఆసుపత్రిలో అనిల్ ధవన్ బృందం, సముద్రపు నాచు నుండి తీసిన ఆల్జినేటుతో చేసిన సన్నని గోళాలలో కాలేయకణాలను బంధించింది. ఆ గోళాల గోడలగుండా ఆహారమూ విషాలూ రాకపోకలు సాగించగలవు. దేహ రక్షణకణాలు మాత్రం లోపలికి పోలేవు. కనుక తిరస్కారాన్ని ఆపే మందులు అక్కరలేదు. కాలేయం విఫలమైన ఎనిమిది మంది పిల్లలకు వీటిని ఇచ్చి, నలుగురు మార్పిడి లేకుండా తమ కాలేయంతోనే కోలుకొన్నారని 2020లో ప్రకటించారు. గోళాలను వారు పంపినది కూడ ఉదరకుహరంలోనికే.