సమాజమును చదువు శాస్త్రము

గ్రహముల గమనమునకు నియమములున్నవని మానవుడు ఏనాడో గ్రహించెను. మరి మనుష్యులు కలిసి జీవించు తీరునకు నియమములు లేవా? పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో ఈ ప్రశ్న బలముగా తలయెత్తెను. 1789లో ఆరంభమైన ఫ్రెంచి విప్లవము పాత రాజ్యవ్యవస్థను కూలద్రోసెను. యంత్రశాలలు వెలసి పల్లెజనము పట్టణములకు తరలెను. ఈ మార్పులను చూచిన ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్టు కోంత్, ప్రకృతినివలె సమాజమును గూడ పరిశీలించి తెలిసికొనవలెనని బోధించెను. ఆ విద్యకు 'సోషియాలజీ' అను పేరును ప్రచారములోనికి తెచ్చినవాడు అతడే. తెలుగున దానిని సమాజశాస్త్రమందురు.

ఆ శతాబ్దపు పండితులు పలువురు ఒక పొరపాటు చేసిరి. దూరదేశముల జనులను గూర్చి యాత్రికులును, అధికారులును వ్రాసినది చదివి, మానవజాతులను నిచ్చెన మెట్లవలె పేర్చిరి. అమెరికా పండితుడు లూయీ మోర్గన్ కొన్ని జాతులను స్వయముగా దర్శించినవాడే. అయినను 1877లో అతడు మానవచరిత్రను ఆటవిక, అనాగరిక, నాగరిక దశలుగా విభజించెను. వేటాడి, దుంపలు త్రవ్వుకొని బ్రదుకువారికి క్రింది మెట్టే దక్కెను.

అట్టి బ్రదుకు గలవారు తెలుగునాటను ఉండిరి. కృష్ణానదికి ఉత్తరమున, నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమి చెంచులకు నివాసము. ఒకప్పుడు మహబూబునగరు జిల్లాలోని ఈ ప్రాంతము 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో నున్నది. 1940లో ఆస్ట్రియా దేశీయుడు హైమన్‌డార్ఫ్ అను పండితుడు అచటికి వచ్చి చెంచుల నడుమ బసచేసెను. వారి చిన్న పల్లెలను పెంటలందురు. ఆయన పెంట పెంటకును తిరిగి, వారు గడ్డలు త్రవ్వుటయు, తేనె తీయుటయు, ఇప్పపువ్వు ఏరుటయు కన్నులార చూచెను.

క్రింది మెట్టువారనబడిన ఆ జనులలో కట్టుబాటు లేకపోలేదు. ఏ అడవి ఏ పెంటవారిదో అందరికిని తెలియును. ఒకే ఇంటిపేరువారు పెండ్లియాడరు. తగవు వచ్చినచో పెద్దలు కూర్చుండి మాటలాడుదురు. పెద్ద జంతువు వేటలో పడినచో మాంసము పలువురకు పంచబడును. స్త్రీకి పురుషునితో దాదాపు సమానమైన స్వాతంత్ర్యము కలదు. ఈ విషయములను హైమన్‌డార్ఫ్ 1943లో గ్రంథముగా ప్రకటించెను. ఆయన సూచనపై నాటి హైదరాబాదు ప్రభుత్వము చెంచులకై అడవిలో కొంత భాగమును ప్రత్యేకించెను.

కోంత్ అడిగిన ప్రశ్న గొప్పది. కాని దానికి సరియైన సమాధానము గ్రంథాలయములో మాత్రమే లభింపదు. ఒక జనమునకు ఇది మెట్టని నిర్ణయించుటకు ముందు వారి ముంగిట కూర్చుండి వారి మాట వినవలెను. సమాజశాస్త్రము నేర్చుకొనిన మొదటి పాఠమిది.