కలిసి ఆడే ఆట ఎవరి కంప్యూటర్‌లో ఉంటుంది?

వరంగల్‌లో ఉన్న తమ్ముడు, అమెరికాలోని డాలస్‌లో చదువుకుంటున్న అన్న కలిసి ఆడుకోవాలని ఒకే వీడియో గేమ్‌ను చెరొకటి కొన్నారనుకుందాం. ఇద్దరూ కలిసి ఆటలోని గ్రామంలో పొలం దున్నారు, పంట వేశారు, కోళ్లను పెంచారు. సెలవు రోజు మధ్యాహ్నం తమ్ముడు తన కంప్యూటర్‌లో ఆట తెరిస్తే ఆ పొలంలోకి వెళ్లే దారి లేదు. ఆటలో లోపమేమీ లేదు. ఆ పొలం మొదటి నుంచీ అన్న కంప్యూటర్‌లోనే ఉంది. డాలస్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటింది. అన్న కంప్యూటర్ కట్టేసి నిద్రపోయాడు.

ఆటను అమ్మే పుటలో 'మల్టీప్లేయర్' అన్న మాట ఉంటే, ఒకరికంటే ఎక్కువమంది కలిసి ఆడవచ్చునని అర్థం. ఎంతమంది ఆడవచ్చు, ఎక్కడినుంచి ఆడవచ్చు, ఎవరి యంత్రం మీద ఆధారపడాలి, ఎంతకాలం ఆడవచ్చు అన్న ప్రశ్నలకు మాత్రం ఆ ఒక్క మాట జవాబు చెప్పదు. చిన్న సంస్థలు రూపొందించే రోల్ ప్లేయింగ్ గేమ్‌ల విషయంలో ఈ ప్రశ్నలకు ప్రాధాన్యం మరింత ఎక్కువ.

ఇండీ ఆట అంటే ఏమిటి?

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఆటగాడు ఒక పాత్రను ధరించి కథలో ముందుకు సాగే ఆట. మన పగటి వేషగాడు ఏ వేషం కడితే ఆ మాట, ఆ నడక తెచ్చుకున్నట్లే, ఇక్కడ ఆటగాడు యోధుడిగానో, మాంత్రికుడిగానో, రైతుగానో మారతాడు. ఆడేకొద్దీ ఆ పాత్రకు అనుభవం, నైపుణ్యం, సామగ్రి సమకూరుతాయి. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించి 1974లో వెలువరించిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఈ తరహా ఆటలకు మూలం. అది బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో, మాటలతో పదిమంది మధ్య ఆడే ఆట. 1978లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ ఈ అనుభవాన్ని కంప్యూటర్‌పైకి తెచ్చారు. 'మడ్' అని పేరుపడిన ఆ ఆటలో బొమ్మలు లేవు. వేర్వేరు చోట్ల కూర్చున్నవారు అక్షరాల ద్వారానే ఒకే లోకంలో సంచరించేవారు. కలిసి ఆడటం ఈ ఆటలకు పుట్టుకతో వచ్చిన గుణమని దీనినిబట్టి తెలుస్తుంది.

పెద్ద ప్రచురణ సంస్థల అజమాయిషీ లేకుండా, పరిమితమైన బృందంతో స్వతంత్రంగా తయారయ్యే ఆటలను 'ఇండీ' ఆటలని పిలుస్తారు. ఈ నిర్వచనం హద్దులు అంత స్పష్టమైనవి కావు. ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరానికి చెందిన శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ దాదాపు 30 మంది ప్రధాన బృందంతో, బయటి నిపుణుల తోడ్పాటుతో 'క్లేర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' అనే ఆటను రూపొందించి 2025 ఏప్రిల్ 24న విడుదల చేసింది. అదే సంవత్సరం డిసెంబరులో జరిగిన 'ద గేమ్ అవార్డ్స్'లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగానూ, ఉత్తమ స్వతంత్ర ఆటగానూ అది పురస్కారాలు అందుకుంది. ఇంత భారీగా కనిపించే ఆటను ఇండీ అనవచ్చునా అన్న చర్చ కూడా అప్పుడే సాగింది.

ఈ ఆటను ఒక్కరే ఆడగలరు. అమెరికాకు చెందిన సూపర్‌జయంట్ గేమ్స్ 2025 సెప్టెంబరు 25న పూర్తి రూపంలో విడుదల చేసిన 'హేడీస్ 2' కూడా అంతే. కలిసి ఆడే వీలు కల్పించకపోవడం వెనుక సాంకేతిక కారణాలు, ఆర్థిక కారణాలు రెండూ ఉంటాయి.

చిన్న బృందాలకు ఎందుకు కష్టం?

ఒక్కరే ఆడే ఆటలో కాలం ఆ ఆటగాడి చెప్పుచేతల్లో ఉంటుంది. అతడు సంచి తెరిచి వస్తువులు వెతుక్కుంటే లోకమంతా ఆగి నిలబడుతుంది. ఇద్దరు ఆడేటప్పుడు ఒకరి కోసం రెండోవారి కాలాన్ని ఆపడం కుదరదు. తలుపు ఎవరు తెరిచారు, నాణెం ఎవరికి దక్కింది, శత్రువుకు ఎవరి దెబ్బ ముందు తగిలింది అన్న ప్రతి సంగతి రెండు తెరలపైనా ఒకేలా కనిపించాలి. అందువల్ల ఒక్కరి కోసం రాసిన ఆటలో రెండోవారిని చేర్చాలంటే పునాదుల నుంచి మార్చవలసి వస్తుంది.

ఇందుకు 'స్టార్‌డ్యూ వ్యాలీ' మంచి ఉదాహరణ. అమెరికాకు చెందిన ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా శ్రమించి ప్రోగ్రామింగ్, చిత్రాలు, సంగీతం, కథ అన్నీ తానే సమకూర్చిన వ్యవసాయ ఆట ఇది. 2016 ఫిబ్రవరి 26న వెలువడింది. అందులో కలిసి ఆడే సదుపాయం కంప్యూటర్లపై 2018 ఆగస్టులో గానీ రాలేదు. మొదట నలుగురికి పరిమితమైన ఆ సంఖ్య, 2024 మార్చిలో వచ్చిన 1.6 అప్‌డేట్‌తో కంప్యూటర్లపై ఎనిమిదికి పెరిగింది. ఒక్కరే ఆడుతున్నప్పుడు పడుకుంటే రోజు ముగుస్తుంది. కలిసి ఆడుతున్నప్పుడు ఒక్కరు పడుకున్నంత మాత్రాన తెల్లవారదు. ఇటువంటి చిన్న చిన్న నియమాలెన్నిటినో కొత్తగా ఆలోచించవలసి వచ్చింది.

ఆర్థిక భారం మరొకటి. సంస్థ సొంత సర్వర్ నడిపితే అద్దె, విద్యుత్తు, మరమ్మతులు, భద్రత, ఆటగాళ్ల ఫిర్యాదుల పరిష్కారం వంటి ఖర్చులు నెలనెలా తప్పవు. ఆటకు ధర ఒక్కసారే తీసుకుని, ఆ ఖర్చును ఏళ్ల తరబడి మోయడం చిన్న సంస్థలకు సాధ్యం కాదు. అందుకే అవి సర్వర్ బాధ్యతను తగ్గించే మార్గాలు వెతుక్కున్నాయి.

నాలుగు మార్గాలు

మొదటిది, ఒకే గదిలో ఒకే తెర ముందు కూర్చుని ఆడటం. కెనడాలోని క్యుబెక్ నగరానికి చెందిన సబొటాజ్ స్టూడియో 2023 ఆగస్టు 29న విడుదల చేసిన 'సీ ఆఫ్ స్టార్స్' మొదట ఒక్కరి ఆటే. 2024 నవంబరులో ఉచితంగా ఇచ్చిన అప్‌డేట్ ద్వారా ముగ్గురు ఒకే చోట కూర్చుని ఆడే వీలు కల్పించారు. 2025 ఏప్రిల్ 23న వచ్చిన 'సండర్‌ఫోక్'లో నలుగురి వరకు ఆడవచ్చు. ఇందులో విడిగా కంట్రోలర్లు అక్కరలేదు. ఎవరి చేతిలోని ఫోనే వారి కంట్రోలర్. ఆట ఒక్కటి కొంటే చాలు, మిగిలినవారు ఉచిత యాప్ వేసుకుని చేరవచ్చు. ఇంటికొక టీవీ, మనిషికొక ఫోన్ ఉన్న మన కుటుంబాలకు ఈ పద్ధతి ఖర్చు తగ్గిస్తుంది. ఒకే తెర ముందు ఆడే ఆటలను దూరంగా ఉన్నవారితోనూ ఆడేందుకు స్టీమ్ వేదిక 2019లో 'రిమోట్ ప్లే టుగెదర్' సదుపాయాన్ని ప్రవేశపెట్టింది. ఆట ఒకరి కంప్యూటర్‌పై నడుస్తుంది, దాని దృశ్యం మిత్రుడికి వీడియోగా చేరుతుంది, మిత్రుడు నొక్కిన మీటలు తిరిగి వస్తాయి. దృశ్యాన్ని పంపేవారి ఇంటర్నెట్‌కు అప్‌లోడ్ వేగం తగినంత ఉండాలి.

రెండవది, ఆటగాళ్లలో ఒకరి కంప్యూటర్‌నే కేంద్రంగా చేసుకోవడం. దానిని 'హోస్ట్' అంటారు. స్టార్‌డ్యూ వ్యాలీలో జరిగేది ఇదే. పొలం హోస్ట్ దగ్గర భద్రమవుతుంది. ఆ వ్యక్తి ఆట తెరిచినప్పుడే మిగిలినవారు చేరగలరు. వరంగల్ తమ్ముడికి ఎదురైన చిక్కు ఇక్కడే ఉంది. సంస్థకు సర్వర్ ఖర్చు లేకపోవడం దీనిలోని మేలు.

మూడవది, ఆటగాళ్లే తమకంటూ విడిగా ఒక సర్వర్‌ను ఏర్పాటు చేసుకోవడం. స్వీడన్‌కు చెందిన ఐరన్ గేట్ సంస్థ రూపొందించిన 'వాల్‌హైమ్' ఈ వీలు ఇస్తుంది. మనుగడ కోసం పోరాడే ఆటలకు రోల్ ప్లేయింగ్ లక్షణాలు కలిపిన ఈ ఆట 2021 ఫిబ్రవరి 2న ముందస్తు విడుదలైంది. అప్పటికి బృందంలో ఉన్నది ఐదుగురే. నెల రోజుల వ్యవధిలో 50 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. పదిమంది వరకు కలిసి ఆడవచ్చు. ఆట లోకం హోస్ట్ కంప్యూటర్‌లోనైనా, అద్దెకు తీసుకున్న సర్వర్‌లోనైనా ఉండవచ్చు. విడి సర్వర్ అయితే ఎవరు నిద్రపోయినా ఆ లోకం తెరిచే ఉంటుంది. అద్దె మాత్రం ఆటగాళ్లే భరించాలి.

నాలుగవది, ఆట మొత్తం సంస్థ సర్వర్‌పైనే నడవడం. ఆడేవారికి ఇది అన్నిటికంటే సులువు. ఎప్పుడైనా, ఎక్కడినుంచైనా చేరవచ్చు. అయితే సంస్థ సర్వర్ ఆపిన రోజున ఆట కూడా ఆగిపోతుంది.

ఆట మూతపడితే?

ఈ భయం ఊహాజనితం కాదు. ఫ్రాన్స్‌కు చెందిన పెద్ద సంస్థ యూబీసాఫ్ట్ తన కార్ల పందేల ఆట 'ద క్రూ' సర్వర్లను 2024 మార్చి 31న మూసివేసింది. ఒంటరిగా ఆడాలన్నా ఆ ఆటకు సర్వర్‌తో సంబంధం తప్పనిసరి. దాంతో డబ్బు పెట్టి కొన్నవారికి కూడా అది పనికిరాకుండా పోయింది. ఈ సంఘటన తరువాత 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' పేరుతో వినియోగదారుల ఉద్యమం మొదలైంది. అమ్మిన ఆటను మూసివేసే ముందు, అది ఏదో ఒక రూపంలో పనిచేసేలా చూడాలన్నది వారి కోరిక. దీనికి అనుబంధంగా యూరోపియన్ యూనియన్‌కు సమర్పించదలచిన పౌర వినతిపై సంతకాల సంఖ్య 2025 జులైలో 10 లక్షలు దాటింది.

ఈ కోణంలో చూస్తే, చిన్న సంస్థలు డబ్బు లేక ఎంచుకున్న పద్ధతులు ఆటగాళ్లకు మేలు చేస్తున్నాయి. హోస్ట్ కంప్యూటర్‌పైనో, సొంత సర్వర్‌పైనో నడిచే ఆటలో భద్రపరచిన లోకం ఆటగాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆ ఫైల్‌ను మరోచోట దాచుకోవచ్చు కూడా.

దూరం, భాష

ఏ పద్ధతిలోనైనా దూరం తన ప్రభావం చూపుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సర్వర్ 8 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటే, మీట నొక్కిన సంకేతం వెళ్లి జవాబు రావడానికి 80 మిల్లీసెకన్లు పడుతుంది. తీగలు తిన్నగా సాగవు, మధ్యలో అనేక యంత్రాలు దాటాలి కాబట్టి వాస్తవంలో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువే. రెప్పపాటులో కత్తి దెబ్బ తప్పించుకోవలసిన ఆటలో ఈ జాప్యం ఓటమికి కారణం కావచ్చు. వంతులవారీగా ఆడే ఆటలకు దీనితో పెద్ద ఇబ్బంది లేదు. కెనడాకు చెందిన ఐరన్‌ఓక్ గేమ్స్ 2023 నవంబరులో విడుదల చేసిన 'ఫర్ ద కింగ్ 2'లో నలుగురు వంతులవారీగా పోరాడతారు. ఖండాంతరాల్లో ఉన్న బంధుమిత్రులకు ఇటువంటివి అనువైనవి.

భాష మరో అవరోధం. స్టార్‌డ్యూ వ్యాలీ 12 భాషల్లో లభిస్తున్నా, వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. కథంతా సంభాషణలతో నడిచే ఆటల్లో ఇంగ్లీషు అంతగా రాని పిల్లలు వెనుకబడతారు. పెద్దవారెవరైనా పక్కన కూర్చుని చదివి తెలుగులో చెబితే, కలిసి ఆడటానికి అదీ ఒక మార్గమే.

చట్టం ఏం చెబుతోంది?

ఆన్‌లైన్ ఆటలంటే తెలుగు రాష్ట్రాల్లో తల్లిదండ్రులకు ముందుగా గుర్తుకు వచ్చేది పందేలు, అప్పులు. డబ్బు పందెంగా ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణల ద్వారా నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం దేశమంతటికీ వర్తించేలా ఇటువంటి ఆటలను నిషేధించింది. వాటిని అందించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, వినోదం కోసం ఆడే 'ఆన్‌లైన్ సోషల్ గేమ్స్'ను వేరుగా గుర్తించింది. ఆట ఆడేందుకు ఒకసారి చెల్లించే రుసుము గానీ, చందా గానీ పందెం స్వభావం కలది కానంత వరకు వాటికి అభ్యంతరం లేదు. పైన చెప్పుకున్న ఆటల్లో గెలిస్తే డబ్బు రాదు, ఓడితే పోదు.

ఖర్చు మాత్రం ముందే చూసుకోవాలి. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ వంటి కన్సోళ్లపై కొన్న ఆటను ఇంటర్నెట్ ద్వారా ఇతరులతో ఆడాలంటే సాధారణంగా విడిగా చందా కట్టాలి. ఒకే గదిలో ఆడితే ఆ చందా అవసరం లేదు.

కొనేముందు నాలుగు సంగతులు తెలుసుకోవడం మంచిది. ఎంతమంది ఆడవచ్చు? ఒకే చోట ఉండాలా, దూరం నుంచి కూడా చేరవచ్చునా? ప్రతి ఒక్కరూ విడిగా కొనాలా? ఆట లోకం ఎవరి దగ్గర భద్రమవుతుంది? మొదటి మూడింటికి జవాబు సాధారణంగా అమ్మకపు పుటలోనే దొరుకుతుంది. నాలుగవదానికి కొంత వెతకవలసి రావచ్చు. వరంగల్, డాలస్ సోదరులు ఆ సంగతి ముందే తెలుసుకుని ఉంటే, పొలాన్ని ఖాళీ సమయం ఎక్కువగా ఉన్నవారి కంప్యూటర్‌లో మొదలుపెట్టేవారు, లేదా ఇద్దరికీ వీలైన వేళను ముందే అనుకునేవారు.