చదరంగం బల్ల మీద ఇరవై అంకెలు

ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం వెళ్ళే దారిలో ఉన్న జి.కొండూరులో, ఏదో ఒక బడి వరండాలో చదరంగం బల్ల పెట్టామనుకోండి. మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోవాలి. పదో గడికి 512 గింజలే! ఇదేమంత బరువు అనిపిస్తుంది. వెయ్యి గింజలు సుమారు 20 గ్రాములు తూగుతాయనుకుంటే, 21వ గడికి 21 కిలోలు కావాలి. సగం బల్ల నిండేసరికి మొత్తం 86 టన్నులు. పది టన్నుల లారీలు తొమ్మిది వచ్చి ఆగాలి.

మరి 64 గళ్ళకూ? గింజల సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

బరువు దాదాపు 37 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఇప్పుడు ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే సుమారు ఏడు వందల ఏళ్ళ పంట!

ఈ సంఖ్య తెలుగువారికి కొత్తది కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేర చెప్పుకొనే ఒక పద్యంలో ఈ ఇరవై అంకెలూ ఉన్నాయి. అయితే అంకెలుగా కాదు, మాటలుగా. చంద్రుడంటే ఒకటి, వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు ఐదు, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చదువుకుంటూ పోవాలి. తాటాకు మీద రాసే లేఖకుడు ఒక్క అంకె తప్పు గీస్తే లెక్కంతా పాడవుతుంది. పద్యంలో మాట మారితే చాలాసార్లు గణం చెడుతుంది, తప్పు దొరికిపోతుంది. కంఠస్థం చెయ్యడానికి మాత్రమే పద్యం అనుకుంటాం గాని, అది లెక్కకు కాపలా కూడా!

64 గళ్ళూ కూడనక్కరలేదు. 1+2+4=7; తరువాతి గడి 8. ఎక్కడ ఆగినా మొత్తం తరువాతి గడికి ఒకటి తక్కువే. కాబట్టి మనకు 65వ గడి తెలిస్తే చాలు. 2ను వర్గం చేస్తే 4, దాని వర్గం 16, ఆపైన 256, 65536, 4294967296. ఇంకొక్కసారి వర్గం చేసి ఒకటి తీసెయ్యండి, అంతే.

వర్గంలోంచి ఒకటి తీసేస్తే ఏమవుతుందో మీకు బళ్ళో చెప్పే ఉంటారు. 16×16−1 అంటే 15×17. ఇదే పట్టు మళ్ళీ మళ్ళీ వేస్తే మన పెద్ద సంఖ్య ఇలా విడిపోతుంది:

3×5×17×257×65537×4294967297

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ అంతేనని పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో శేషం లేకుండా భాగించి చూపాడు. భాగఫలం 6700417. కాగితం, పెన్సిలు తీసుకుని గుణించి చూడండి. అయిదు నిమిషాల పని.