ఇసుక తీరపు పురుగులు – వాటి జనాభా

ఆటు వేళ సముద్రము వెనుకకు తగ్గినపుడు ఇసుక తీరము ఎడారివలె తోస్తుంది. కాని ఇంగ్లండు ఈశాన్య తీరమున, హోలీ ఐలండు పరిసరాలలో, తడి ఇసుకపై జంతికల చుట్టలవంటి చిన్న కుప్పలు వేలకొలది కనిపిస్తాయి. వాటి క్రింద లగ్‌వార్మ్ అనే పురుగు నివసిస్తున్నది. దీని శాస్త్రనామము ఆరెనికోలా మెరైనా. మన వానపామువలె ఇదికూడ వలయపు పురుగుల జాతిలోనిదే.

ఈ పురుగు 20 నుండి 40 సెంటీమీటర్ల లోతున, వంకీవలె వంగిన బొరియలో ఉంటుంది. తలవైపునుండి ఇసుకను మ్రింగి, అందలి సూక్ష్మజీవులను, కుళ్ళిన పదార్థమును జీర్ణించుకొని, మిగిలిన ఇసుకను తోకవైపునుండి పైకి నెట్టుతుంది. ఆ ఇసుకే ఈ కుప్ప. కనుక పెద్ద పురుగులను త్రవ్వకుండానే లెక్కింపవచ్చును. తీరమున అక్కడక్కడ చదరపు మీటరు చట్రమును పరచి, లోపలి కుప్పలను లెక్కపెట్టి సగటు కట్టాలి. 1891లో డేవిసన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతముననే కుప్పలను పరిశీలించి, ఎకరమునకు ఏటా సుమారు 1,900 టన్నుల ఇసుక పైకి వస్తున్నదని అంచనా వేశాడు.

ఆడ పురుగు గ్రుడ్లను విరివిగా పెడుతుంది. అయినను వీటి సంఖ్య మితిమీరి పెరగదు. కారణమేమి? పెద్ద పురుగులు నిత్యము ఇసుకను కలియబెట్టుటవలన వాటి నడుమ చిన్న పిల్లలు నిలువలేవు. అవి తీరపు ఎగువ భాగమున పెరిగి, తరువాత దిగువకు వలసపోతాయి. ఖాళీ ఏర్పడినచోట చేరుతాయి.

ఈ పురుగులు చేపల గాలమునకు మంచి ఎర. 1984లో, హోలీ ఐలండుకు దక్షిణముననున్న బ్యూడిల్ అఖాతములో ఎర త్రవ్వువారు ఆరు వారాలలో సుమారు 40 లక్షల పురుగులను తీశారు. చదరపు మీటరుకు 40కి పైగా ఉన్నవి ఒకటికన్న తక్కువకు పడిపోయినవి. త్రవ్వకము ఆగిన తరువాత కొలది నెలలలోనే సంఖ్య కోలుకొన్నది. అంత స్వల్పకాలములో గ్రుడ్లు పెద్ద పురుగులు కాజాలవు. పొరుగున త్రవ్వని ఇసుకలనుండి పురుగులు వలస వచ్చినవి.

జననములు, మరణములు, వచ్చునవి, పోవునవి – ఈ నాలుగింటి ఫలితమే జనాభా. ఒక్క తీరమును చూచి పురుగులు తరగవని తలచుట పొరపాటు. పొరుగు తీరమునుకూడ త్రవ్వివేస్తే, ఖాళీలను నింపుటకు వచ్చేవి ఉండవు.