ఫాస్ఫేటును చూసే యాంటీబాడీ

జహీరాబాద్‌లో ఒక సర్జన్ రొమ్ము గడ్డ నుంచి చిన్న ముక్క తీసి హైదరాబాద్ ల్యాబ్‌కు పంపారనుకుందాం. కోసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడితే ఆ వంద కిలోమీటర్ల దారి ఒక లెక్కలోది కాదు. రిపోర్టులో ‘హెర్2: 3+’ అని వస్తే కణాల పైపొర మీద హెర్2 గ్రాహకాలు విపరీతంగా ఉన్నాయని అర్థం. ట్రాస్టుజుమాబ్ ఇవ్వాలా అన్నది చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది. కానీ గ్రాహకాలు ఎన్నున్నాయో చెప్పే ఆ పరీక్ష, వాటిలో పనిలో ఉన్నవెన్నో చెప్పదు.

పనిలో ఉన్న గ్రాహకానికి ఆనవాలు ఫాస్ఫేట్. మామూలుగా పెరుగుదల కారకం వచ్చి అంటుకోగానే ఇలాంటి గ్రాహకాలు జతకట్టి, కణం లోపలున్న తోకల్లోని టైరోసిన్‌లకు ఒకదానికొకటి ఫాస్ఫేట్లు తగిలించుకుంటాయి. హెర్2 కుటుంబానికే చెందిన ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకంలో 1068వ టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలితే జీఆర్‌బీ2 అనే ప్రోటీన్ వచ్చి చేరుతుంది, దాంతో రాస్ అనే మరో ప్రోటీన్ మేల్కొంటుంది, కణం విభజన దారి పడుతుంది. అదే తోకలో 1045వ దానికి తగిలితే సీబీఎల్ అనే ప్రోటీన్ వచ్చి, గ్రాహకాన్ని లోపలికి లాగి కరిగించెయ్యమని గుర్తు వేస్తుంది. ఒకచోట ఉసిగొల్పే ఫాస్ఫేటే ఇంకోచోట పగ్గం వేస్తుందన్నమాట. అందుకే ఏ స్థానంలో ఉందో చెప్పగల యాంటీబాడీ కావాలి.

దాని తయారీ ముచ్చటగా ఉంటుంది. ఆ స్థానం చుట్టూ ఉండే పది పదిహేను అమైనో ఆమ్లాల ముక్కను ఫాస్ఫేట్‌తో సహా కృత్రిమంగా తయారుచేసి, పెద్ద ప్రోటీన్‌కు అతికించి కుందేలుకు ఎక్కిస్తారు. కుందేలు రక్తరసంలో ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా అతుక్కునే యాంటీబాడీలూ ఉంటాయి. ఫాస్ఫేట్ లేని ముక్కలున్న గొట్టం గుండా పోస్తే అవి అక్కడే ఆగిపోతాయి. దాటి వచ్చినవాటిలోంచి, ఫాస్ఫేట్ ఉన్న ముక్కల సాయంతో అసలువాటిని పట్టుకుంటారు.

అసలు తిప్పలు తర్వాత మొదలవుతాయి. కణాన్ని పగలగొట్టగానే ఫాస్ఫటేజ్ ఎంజైములు నిమిషాల్లో ఫాస్ఫేట్లను ఊడబీకేస్తాయి. ఆస్పత్రి రిపోర్టుల్లో ఈ ఫాస్ఫేట్ పరీక్ష మామూలుగా కనిపించకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ల్యాబ్‌లో మాత్రం విరుగుడు ఉంది, వెనడేట్. ఈజీఎఫ్ఆర్‌కు అంటుకునే పెరుగుదల కారకం ఈజీఎఫ్‌ను కనిపెట్టి 1986లో నోబెల్ అందుకున్న స్టాన్లీ కోహెన్, డేవిడ్ గార్బర్స్‌లతో కలిసి, టైరోసిన్ మీది ఫాస్ఫేట్లను ఊడదీసే ఎంజైమును వెనడేట్ ఆపుతుందని 1982లో చూపినవారు ఘనశ్యామ్ స్వరూప్. తర్వాత హైదరాబాద్ సీసీఎంబీలో ఏళ్ల తరబడి ఫాస్ఫటేజుల మీద పనిచేశారు. ఇవాళ్టికీ విద్యార్థులు వెనడేట్ ద్రావణాన్ని పీహెచ్ 10కి తెచ్చి, పసుపు రంగు పోయేదాకా మరిగిస్తారు. ఇంకో మెలిక పాలపొడి. ప్రోటీన్లను యాంటీబాడీతో గీతలుగా చూపే వెస్టర్న్ బ్లాట్ పొరకు చవకగా పూసే పూత అదే. కానీ అందులోని కేసీన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి కనుక, ఇలాంటి పనికి చాలామంది ఆల్బుమిన్ వాడతారు.

ఇంత జాగ్రత్తకు ఫలితమూ దక్కింది. ఈజీఎఫ్ఆర్‌ను ఆపే మందు గెఫిటినిబ్ వేస్తే, ఆ మందుకు లొంగే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ ఫాస్ఫేట్ గీత మాయమవుతుంది, మొత్తం ఈజీఎఫ్ఆర్ గీత అలాగే ఉంటుంది. మందుకు మొండికేసిన కొన్ని కణాల్లో 2007లో చూస్తే, పక్క గ్రాహకం ఈఆర్‌బీబీ3 మీద ఫాస్ఫేట్ చెక్కుచెదరలేదు. దాన్ని తగిలిస్తున్నది మెట్ అనే మూడో గ్రాహకం. మెట్‌ను ఆపే మందు కూడా కలిపాకే ఆ గీత చెరిగింది, కణాల పెరుగుదలా ఆగింది.