ఖననభూములు ఉద్యానములైన విధము: లండను నగరము

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున లండను జనసంఖ్య విపరీతముగా పెరిగినది. చర్చి ఆవరణములందలి ఖననభూములు మాత్రము పెరుగలేదు. గోతిమీద గోతిగా శవములను పూడ్చుటచే ఆ నేలలు కొన్నిచోట్ల వీథులకంటె ఎత్తైనవి. 1848-49 కలరా ఉపద్రవము పిమ్మట, 1852 నాటి శాసనముచే నగరములోని ఖననభూములను మూసివేయుటకు అధికారము కలిగెను.

మూసివేతతో చిక్కు తీరలేదు. తాళము పడిన ఆవరణములు చెత్తకుప్పలైనవి. భూమి వెల హెచ్చినకొలది వానిపై అందరి కన్నును పడెను. పాత సెయింట్ పాంక్రాస్ చర్చి ఆవరణమున 1860 తరువాత రైలుమార్గమునకై సమాధులను త్రవ్విరి. ఆ పనిని చూచుకొన్నవారిలో నొకడు, పిదప నవలాకారుడుగా కీర్తిగాంచిన టామస్ హార్డీ.

నిరుపేదలకు ఆరుబయట కూర్చుండు తావు కావలెనని ఆక్టేవియా హిల్ వాదించినది ఈ దశలోనే. డ్రూరీ లేన్ ఖననభూమి 1877లో ఉద్యానమైనది. ఉద్యానముల నిర్మాణమునకై 1882లో ఒక సంఘమే వెలసినది. 1884 శాసనము, చర్చిని పెంచుటకు తప్ప, పాత ఖననభూములపై కట్టడములను నిషేధించెను. నిజమునకు ఈ నిషేధమే తోటలను బ్రతికించినది. అది లేనిచో ఎంత సదుద్దేశమైనను ఇటుకలక్రింద అణగిపోయెడిది.

పని తీరు సులభమైనదే: రాళ్ళను గోడల ప్రక్కకు చేర్చి, బాటలు వేసి, చెట్లు నాటుదురు. కాని రాళ్ళను కదలించుటకు ముందు వానిపై నున్న పేర్లను, తేదీలను వ్రాసి భద్రపరచవలెనని 1906 శాసనము విధించినది. పవిత్రీకృతమైన నేలపై బిషపు అనుమతి లేనిదే ఆటలును కూడవు! దహనమే అలవాటైన తెలుగు కుటుంబములకు ఈ జాగ్రత్త వింతగా తోచవచ్చును. సమాధి సంప్రదాయముగల వీరశైవులకు మాత్రము ఇది సుబోధము.

ఈ జాగ్రత్త విలువ బన్‌హిల్ ఫీల్డ్స్‌లో తెలియును. 1854లో మూతపడిన ఆ భూమిలో బనియన్, డీఫో, విలియం బ్లేక్ కవి నిద్రించుచున్నారు. 1827లో పూడ్చబడిన బ్లేకునకు 1927లో గాని శిల నిలువలేదు. అదియు సమాధి సమీపముననే యున్నదని మాత్రము చెప్పెను. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులకు చెడిన భాగమును 1960 తరువాత పచ్చికబయలు గావించినప్పుడు ఆ శిలయు వేరొకచోటికి తరలెను. విశ్రాంతికి పచ్చిక లభించినది, కవి చోటు తప్పినది. రాయి పోయినను ఖనన పట్టికయందలి వరుసల సంఖ్యలు మిగిలియుండెను. వాని ఆధారమున స్థలమును కనుగొని, 2018 ఆగస్టులో ఆ గడ్డిలోనే క్రొత్త శిలను పరచిరి.